ఇంట్లో కుందేళ్లు పెంచాలనుకునేవారికి: లెక్క, మేత, ఎండ, ఒప్పందం



ఈమధ్య మా సంఘం నెలవారీ సమావేశాలకు వచ్చేవారిలో కుందేళ్ల పెంపకం గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. అడిగేవారు రెండు రకాలు. మేడమీద కొంత జాగా ఉంది, వారానికోసారి ఇంటి మాంసం దొరికితే చాలు అనుకునేవారు మొదటి రకం. ఉద్యోగ విరమణ డబ్బు చేతికొచ్చింది, ఎవరో కంపెనీవారు కుందేళ్లు ఇస్తాం, పిల్లల్ని మేమే తిరిగి కొంటాం అంటున్నారు, చేరమంటారా అని అడిగేవారు రెండో రకం. ఇద్దరికీ విడివిడిగా చెప్పేకంటే, తెలిసినదంతా ఒకచోట రాస్తే మంచిదనిపించింది. మొదటివారు ధైర్యంగా, చిన్నగా మొదలుపెట్టవచ్చు. రెండోవారు సంతకం పెట్టకముందు దీన్ని చివరిదాకా చదవాలని కోరుతున్నాం.

ఏ కుందేలు?

మన ఇళ్లలో చాలామంది కుందేలు అంటారు, చిత్తూరు వైపు మూలాలున్నవారు చెవులపిల్లి అంటారు. పశువుల ఆస్పత్రికి వెళ్తే తమిళనాడులో ముయల్ అని, కర్ణాటకలో మొల అని, మహారాష్ట్రలో ససా అని, ఒడిశాలో ఠెకువా అని అడగాలి.

పేరు ఒకటే అయినా, పొలం గట్ల మీద పరుగెత్తే అడవి కుందేలు వేరు, బోనులో పెంచే కుందేలు వేరు. పెంపుడు కుందేలు పూర్వీకులు ఐరోపావి. దాని పిల్లలు కళ్లు మూసుకుని, ఒంటిమీద బొచ్చు లేకుండా పుడతాయి. అడవి కుందేలు పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. ఈ రెండిటికీ సంకరం కుదరదు. అడవి కుందేలును వేటాడడం, పట్టుకుని పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పల్లెనుంచి ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోకండి.

మాంసానికి మన దేశంలో ఎక్కువగా పెంచే జాతులు న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్. అంగోరా జాతి ఉన్ని కోసం పెంచేది, చలి ప్రాంతాలకే సరిపోతుంది. తమిళనాడులో కొడైకెనాల్ కొండల మీద మన్నవనూరులో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధనా సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. మాంసపు కుందేళ్ల మీద పని చేసే ప్రభుత్వ కేంద్రం అది. జత కొనే ముందు అక్కడ గాని, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గాని ఒకమాట అడగడం మంచిది.

ముందు కాగితం మీద లెక్క

జీవితమంతా ఫైళ్లు, లెడ్జర్ల మధ్య గడిపినవాళ్లం కాబట్టి ఏ పనికైనా ముందు లెక్క వేసుకోవడం మాకు అలవాటు. ఒక మగది, రెండు ఆడవి ఉన్న చిన్న ఏర్పాటు తీసుకుందాం.

ఒక్కో ఆడదాన్ని ఏడాదికి నాలుగు ఈతలకే పరిమితం చేస్తే మొత్తం 8 ఈతలు. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు పుట్టినా, బతికి పెద్దయ్యేవి ఐదు అనుకోవడం క్షేమం. అంటే ఏడాదికి 40 పిల్లలు. మంచి మేత పెడితే మూడు నెలలకు కొంచెం అటూఇటూగా ఒక్కొక్కటి 2 కిలోలు తూగుతుంది. అందులో సగం, అంటే సుమారు కిలో మాంసం వస్తుంది. ఏడాదికి 40 కిలోలు, వారానికి ముప్పావు కిలో. నలుగురున్న ఇంటికి ఒక పూట కూరకు సరిపోతుంది.

ఇప్పుడు ఖర్చు. పెద్ద కుందేలుకు పచ్చిమేతతో పాటు రోజుకు 100 గ్రాముల దాణా అనుకుంటే మూడింటికి ఏడాదికి 110 కిలోలు. పాలిచ్చే తల్లికి ఎక్కువ కావాలి, కాబట్టి 130 అని రాసుకోండి. పిల్ల పెరగడానికి పచ్చిమేతతో పాటు ఒక్కొక్కదానికి 4 కిలోల దాణా చొప్పున 160. మొత్తం 290 కిలోలు. అంటే కిలో మాంసానికి దాదాపు 7 కిలోల దాణా. కిలో దాణా 30 రూపాయలు అనుకుంటే 210 రూపాయలు మేతకే పోతాయి. బోను, మందులు, మన శ్రమ ఇందులో లేవు. మీ ఊరి ధరతో మీరే గుణించి చూసుకోండి.

ఈ లెక్క చూసి నిరాశపడనక్కర్లేదు. పచ్చిమేత ఇంటిదైతే దాణా తగ్గుతుంది. ఏం తిని పెరిగిందో మనకు తెలిసిన మాంసం దొరుకుతుంది. పెరటి మొక్కలకు మంచి ఎరువు దొరుకుతుంది. కుందేలు పెంట్ల ఎరువును ఎక్కువకాలం మాగపెట్టకుండానే మొక్కల మొదట్లో వేయవచ్చు. ఇది ఇంటిని కొంత ఆదుకునే పని, ఇంటిని పోషించే పని అని మాత్రం అనుకోవద్దు.

బోను

పెద్ద కుందేలుకు ఒక్కొక్కదానికి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు తక్కువలో తక్కువ. ఈనే ఆడదానికి మూడడుగుల పొడవు ఉండాలి. అడుగున వేసే జీఐ వెల్డ్ మెష్ కన్ను అరంగుళం వెడల్పు, అంగుళం పొడవు మించకూడదు. కన్ను పెద్దదైతే పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి. మెష్ మీద ఒక మూల చెక్కముక్క వేస్తే మడమలు పుండ్లు పడవు.

బోనును నేలకు రెండున్నర, మూడడుగుల ఎత్తులో నిలబెట్టండి. కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. అప్పుడే పుట్టిన పిల్లలకు చీమలు, ఎలుకలు, పిల్లులు, పాములు అన్నీ శత్రువులే. రాత్రిపూట కుక్కలు బోను చుట్టూ తిరిగితే, కుందేలు బెదిరి ఎగిరి తనకు తానే దెబ్బ తగిలించుకుంటుంది.

కుందేలును చెవులు పట్టి ఎత్తడం సినిమాల్లో చూసి నేర్చుకున్న పని. అలా చేయకూడదు. మెడ వెనక వదులు చర్మం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనక భాగం కింద పెట్టి ఎత్తాలి. గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరుగుతుంది.

ఎండే అసలు శత్రువు

కుందేలు చలికి తట్టుకుంటుంది, ఎండకు తట్టుకోలేదు. దానికి మనలాగా చెమట పట్టదు. ఒంటి వేడిని ముఖ్యంగా చెవుల ద్వారా వదులుతుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దాటితే ప్రాణానికే ప్రమాదం. ఎండదెబ్బ తగిలిన మగది బతికినా, ఆ తర్వాత రెండు నెలల వరకు దాటినా ఆడది కట్టకపోవచ్చు. వేసవి తర్వాత ఈతలు ఆగిపోయాయని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

కాబట్టి ఊరును బట్టి నిర్ణయం తీసుకోవాలి. నీలగిరి, కొడైకెనాల్, హొసూరు, బెంగళూరు వైపు ఉన్నవారికి వాతావరణం అనుకూలం. యానాం, బరంపురం, చెన్నైలలో ఉక్క, షోలాపూరులో వడగాలి. అక్కడ రేకుల కప్పు కింద, మేడమీద ఎండలో బోను పెడితే ఏప్రిల్ దాటడం కష్టం. చెట్టునీడన, గాలి ఆడేచోట, తాటాకు కప్పు కింద పెట్టాలి. మధ్యాహ్నం తడి గోనెపట్టాలు వేలాడదీయండి, కానీ గాలి ఆగకుండా చూడండి. ప్లాస్టిక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి బోనులో పెడితే కుందేలు దానికి ఆనుకుని పడుకుంటుంది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో జత కట్టించకండి. నాలుగే ఈతలని పైన రాసింది ఇందుకే.

మేత

కుందేలు పళ్లు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి. నమిలి నమిలి అరగాలి. అందుకే గడ్డి, ఎండుగడ్డి దానికి ప్రాణాధారం. దాణా ఒక్కటే పెడితే పళ్లూ చెడతాయి, పొట్టా చెడుతుంది. అది వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలికి పోయిన చెడు మేత బయటికి రాదు.

పెరట్లో పెంచుకోవడానికి లూసర్న్, దశరథ గడ్డి మేలు. తమిళనాడులో లూసర్న్‌ను కుదిరై మసాల్ అని, దశరథ గడ్డిని వేలి మసాల్ అని అడిగితే విత్తనం ఇస్తారు. అవిశాకు, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు కూడా పెట్టవచ్చు. కోసిన మేతను కొన్ని గంటలు నీడన వాడబెట్టి ఇవ్వండి. వాన నీళ్లతో తడిసిన మేత, క్యాబేజీ ఆకులు ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, అది ఎక్కువైతే బొచ్చు రాలిపోతుంది. మొలకెత్తిన బంగాళదుంప, వండిన అన్నం మిగులు, మందు చల్లిన కూరగాయల ఆకులు పెట్టకండి. మార్కెట్లో పారేసిన ఆకులు ఏరి తెచ్చేవారు ఈ చివరి మాట గుర్తుపెట్టుకోవాలి.

నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఇంకో విషయం. కుందేలు తన మెత్తటి పెంట్లను తానే నేరుగా తింటుంది. కొత్తవాళ్లు చూసి జబ్బనుకుంటారు. ఒకసారి అరగని మేతలోని పోషకాలను అది రెండోసారి తీసుకునే పద్ధతి అది. ఆపవద్దు.

జత, ఈత

ఆడది ఐదారు నెలలకు, పెద్ద జాతులైతే ఇంకా కొంత ఆలస్యంగా జతకు వస్తుంది. ఎప్పుడూ ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆడదాని బోనులోకి వదిలితే అది తన చోటని కరుస్తుంది. తోబుట్టువుల్ని జత కట్టించకండి.

చూడి కాలం 31 రోజులు, రెండు మూడు రోజులు అటూఇటూ కావచ్చు. 26వ రోజు నాటికి బోనులో ఈత పెట్టె పెట్టాలి. రెండడుగులకు కొంచెం తక్కువ పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, లోపల ఎండుగడ్డి. తల్లి తన రొమ్ము మీది బొచ్చు పీకి పరుస్తుంది. ఈనిన రోజు ఒకసారి చూసి చనిపోయిన పిల్లల్ని తీసేయండి. ఆ తర్వాత మాటిమాటికి కదపకండి.

తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది, అదీ రాత్రి గాని తెల్లవారుజామున గాని. పగలంతా పెట్టె వైపు పోకపోతే పిల్లల్ని వదిలేసిందని కంగారుపడనక్కర్లేదు. పిల్లల పొట్టలు నిండుగా ఉన్నాయో లేదో చూడండి, అదే సాక్ష్యం. పది పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి. నెల దాటాక పాలు మాన్పించవచ్చు. మూడు నెలలకల్లా మగవాటిని, ఆడవాటిని వేరుచేయాలి.

ప్రతి బోనుకు ఒక అట్ట కట్టండి. జత కట్టిన తేదీ, ఈనిన తేదీ, పుట్టినవి, బతికినవి, నెలాఖరు బరువు, ఇంతే. ఏ ఆడది మంచి తల్లో, ఏ నెలలో నష్టం వస్తోందో ఆరు నెలల్లో ఆ అట్టే చెబుతుంది.

జబ్బులు

చెవుల్లో, ముక్కు మీద, కాళ్ల మీద పొక్కు కట్టే గజ్జి తరచుగా వచ్చేది. దానికి పశువైద్యుడు ఇచ్చే ఇంజక్షన్ ఉంది. పిల్లల్లో పారుడు కనిపిస్తే కాక్సిడియోసిస్ అని అనుమానించి వెంటనే చూపించాలి. ఒకరోజంతా మేత ముట్టకపోతే అదే పెద్ద హెచ్చరిక. ఇంట్లో ఉన్న అమోక్సిసిలిన్ వంటి మనుషుల మాత్రలు నోటితో వేయకండి. ఆ రకం మందులు కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీస్తాయి. బొచ్చు గుండ్రంగా రాలే తామర మనుషులకూ అంటుతుంది కాబట్టి చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

కోయడం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోండి

మన ఇళ్లలో తినేవారున్నారు, తిననివారున్నారు. తిననివారు ఎరువు కోసమో, ముచ్చటకోసమో రెండు ఆడవాటిని పెంచుకున్నా తప్పులేదు. తినాలనుకునే ఇంట్లో మాత్రం పిల్లల సంగతి ఆలోచించాలి. పసివాళ్లు మొదటిరోజే పేరు పెడతారు. మూడు నెలల తర్వాత ఆ పేరున్న కుందేలు పళ్లెంలోకి వస్తే ఆ బాధ చాలాకాలం ఉంటుంది. తల్లులు ఇంటివి, పిల్లలు కూరకు అని మొదటే చెప్పండి. అబద్ధం చెప్పి వండకండి.

చట్టం కూడా ఉంది. 2001 నాటి వధశాలల నియమాల ప్రకారం మునిసిపల్ పరిధిలో గుర్తింపు ఉన్న వధశాలలో తప్ప తినడానికి జంతువును కోయకూడదు. పట్టణాల్లో ఉన్నవారు ముందే పురపాలక ఆరోగ్య విభాగంలో అడగండి. మాంసం అమ్మాలంటే ఆహార భద్రత లైసెన్సు కావాలి. అపార్టుమెంట్లలో ఉన్నవారు ఇరుగుపొరుగు ఒప్పుకోలు కూడా తీసుకోవాలి.

వండేటప్పుడు గుర్తుంచుకోండి, ఇందులో కొవ్వు చాలా తక్కువ. పెద్ద మంట మీద గట్టిపడుతుంది. పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి, సన్నమంట మీద మూతపెట్టి మగ్గించాలి.

ప్రదర్శనల నుంచి నేర్చుకునేది

ఇంగ్లండులో, అమెరికాలో కుందేళ్ల ప్రదర్శనలు పెద్ద వేడుక. అమెరికాలో ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘాల్లో చేరిన బడిపిల్లలు తమ కుందేలును బల్లమీద పెట్టి న్యాయనిర్ణేతకు చూపిస్తారు. అక్కడున్న మన మనవలు, మనవరాళ్లు అడిగితే కాదనకండి, బాధ్యత నేర్పే పని.

మన దగ్గర అలాంటివి అరుదు. కానీ ఆ న్యాయనిర్ణేత చూసేవన్నీ మనం కొనేటప్పుడు చూడవలసినవే. పైపళ్లు కిందిపళ్ల మీద సరిగ్గా కూర్చున్నాయా, ముక్కు తడిగా కారుతోందా, ముందుకాళ్ల లోపలివైపు బొచ్చు చీమిడితో అంటుకుందా, చెవి లోపల పొక్కులున్నాయా, మడమల కింద పుండ్లున్నాయా, తోక కింద శుభ్రంగా ఉందా. ఐదు నిమిషాల పని. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

చివరగా, తిరిగి కొనే ఒప్పందం

ఇప్పుడు రెండో రకం ప్రశ్నకు వస్తున్నాం. ఈ పథకాలు ఎలా నడుస్తాయో విడమరిచి చూడండి. ఏడు ఆడవి, మూడు మగవి కలిపి ఒక యూనిట్ అంటారు. బజారులో జత దొరికే ధరకు ఎన్నోరెట్లు తీసుకుంటారు. పుట్టిన పిల్లల్ని మంచి ధరకు మేమే కొంటామని స్టాంపు కాగితం మీద రాసిస్తారు. మొదటి విడత కొంటారు కూడా. ఆ పిల్లల్ని ఏం చేస్తారు? మాంసంగా అమ్మరు. పెంచి, కొత్తగా చేరేవారికి యూనిట్లుగా అమ్ముతారు. అంటే మీకు వచ్చే డబ్బు మాంసం తినేవాడి జేబునుంచి రావడం లేదు, మీ తర్వాత చేరినవాడి జేబునుంచి వస్తోంది. కొత్తవాళ్లు రావడం ఆగినరోజు కొనుగోలూ ఆగుతుంది.

ఇది కొత్త విద్య కాదు. ఈము పక్షుల పేరుతో ఇదే జరిగింది. 2012లో ఈరోడ్ జిల్లాలో ఈము కంపెనీలు కూలిపోయినప్పుడు వేలమంది డబ్బు పోగొట్టుకున్నారు. మేత పెట్టేవాళ్లు లేక పక్షులు ఆకలితో చచ్చాయి. కుందేలు ఈముకంటే త్వరగా పిల్లల్ని పెడుతుంది, కాబట్టి కొనేవాడు మాయమైతే ఇల్లు ఇంకా త్వరగా నిండుతుంది.

ఏజెంటును మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, చివరికి ఈ మాంసం తినేవారెవరు, ఏ ఊళ్లో, ఏ దుకాణంలో అమ్ముతున్నారు, చూపించగలరా? రెండు, గత ఏడాది మాంసం అమ్మిన బిల్లులు, ఆహార భద్రత లైసెన్సు ఉన్నాయా? మూడు, మేము బజారులోనే జత కొనుక్కుంటాం, పిల్లల్ని మాత్రం మీరు కొంటారా? నిజంగా మాంసం వ్యాపారమైతే మూడోదానికి సరే అనాలి. వాళ్ల కుందేలే కొనాలి అంటే, వాళ్లకు లాభం వచ్చేది ఆ మొదటి అమ్మకంలోనే అని అర్థం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడితో వాదించి లాభం లేదు. నమస్కారం పెట్టి పంపించండి. పైన వేసిన లెక్క కాగితం చేతిలో ఉంటే, ఏడాదికి పెట్టుబడి రెట్టింపు అనే మాట ఎక్కడ పొసగదో మీకే కనిపిస్తుంది.

ఇప్పటికే డబ్బు కట్టి ఇబ్బంది పడుతున్నవారు సిగ్గుపడి దాచుకోకండి. ఒప్పందం, రసీదులు, బ్యాంకు కాగితాలు అన్నీ నకళ్లు తీసి, జిల్లా పోలీసు ఆర్థిక నేరాల విభాగంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఫిర్యాదు రాష్ట్ర భాషలో రాయడం కష్టమైతే మీ ఊరి తెలుగు సంఘాన్ని అడగండి. అర్జీలు రాసిపెట్టడానికే మాలాంటి వాళ్లం ఉన్నాం.

పెంచాలనుకునే మిగతావారు మూడు కుందేళ్లతో, ఒక వేసవి గడిచేదాకా, అంతకుమించి ఒక్కటి కూడా కొనకుండా చూడండి. ఆ వేసవి దాటితే, మీ బోను అట్టల మీద ఉన్న అంకెలే తర్వాత ఏం చేయాలో చెబుతాయి. ఒక ఊళ్లో నాలుగైదు ఇళ్లవారు కలిస్తే మగవాటిని ఇచ్చిపుచ్చుకోవచ్చు, దాణా టోకున కొనుక్కోవచ్చు, ఊరికెళ్లినప్పుడు ఒకరి కుందేళ్లను ఒకరు చూసుకోవచ్చు.